క్లోమం ఆర్‌ఎన్‌ఏ ఎందుకు పాడవుతోంది?

ప్రశ్న: ఆరోగ్యంగా ఉన్న చిట్టెలుకల కాలేయం, మెదడు, కండరం, క్లోమాల్లో జన్యు వ్యక్తీకరణను (ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో) క్యూపీసీఆర్‌తో, అంటే ఆర్‌ఎన్‌ఏ మోతాదును కొలిచే పద్ధతితో, పోలుస్తున్నాం. క్లోమం ఆర్‌ఎన్‌ఏ ప్రతిసారీ పాడవుతోంది. కండరంలోనేమో అన్ని జన్యువులూ తక్కువే చూపిస్తున్నాయి. గ్యాప్‌డీహెచ్ అనే జన్యువును కొలబద్దగా పెట్టుకుని, మిగతావాటిని దాంతో భాగించి సరిచూస్తున్నాం.

జవాబు: రెండూ వేర్వేరు చిక్కులు. తిండిలోని ఆర్‌ఎన్‌ఏను అరిగించే ఎంజైమును క్లోమమే తయారుచేస్తుంది. ఎలుక ప్రాణం పోగానే ఆ ఎంజైము క్లోమం సొంత ఆర్‌ఎన్‌ఏ మీదే పడుతుంది. అందుకే కోతలో మొదటి వంతు క్లోమానిదే. 50 మి.గ్రా. మించని ముక్కను వెంటనే 1 మి.లీ. ట్రైజాల్‌లో (ఎంజైములను ఆపి ఆర్‌ఎన్‌ఏను వేరుచేసే ద్రావణం) వేసి హోమోజినైజర్‌తో మెదిపేయండి. ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించిన ముక్కనైతే కరగనివ్వొద్దు. కరిగేటప్పుడే కణాలు పగిలి ఎంజైము బయటపడుతుంది. గడ్డగా ఉండగానే ట్రైజాల్‌లోకి పోవాలి. ఆర్‌ఎన్‌ఏ బాగుందో లేదో జెల్‌లో నడిపి చూస్తే 28ఎస్, 18ఎస్ (రైబోజోముల ఆర్‌ఎన్‌ఏ) పట్టీలు స్పష్టంగా, పైది దాదాపు రెట్టింపు మెరుపుతో కనిపించాలి. పట్టీలు చెదిరి అడుగుదాకా మసకగా జారితే ఆ నమూనా పారేయడమే మేలు.

ఇక కండరం. గ్యాప్‌డీహెచ్ చక్కెరను విరిచే దారిలోని ఎంజైము, కండరంలో దండిగా ఉంటుంది. దాంతో భాగిస్తే మిగతావన్నీ చిన్నబోవా? క్యూపీసీఆర్‌లో ఒక్కో సైకిల్‌కు మోతాదు రెట్టింపవుతుంది కాబట్టి 3 సైకిళ్ల తేడా అంటే 8 రెట్ల పొరపాటు! టీబీపీ, హెచ్‌పీఆర్‌టీ, పీపీఐఏ లాంటి అయిదారు కొలబద్ద జన్యువులను మీ కణజాలాలన్నింటిలో పరీక్షించి, నిలకడగా ఉన్న మూడింటి గుణమధ్యమం (మూడింటి లబ్ధానికి ఘనమూలం) వాడండి.