నిమ్ము తగ్గిందని గుండెలో రంధ్రం పూడినట్టు కాదు

ప్రశ్న: మా చెల్లికి 22 ఏళ్లు. పుట్టుకతో గుండెలో రంధ్రం (వీఎస్‌డీ) ఉంది. చిన్నప్పుడు తరచూ నిమ్ము చేసేది. ఆరేళ్లు దాటాక తగ్గడంతో రంధ్రం పూడిందనుకున్నాం. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం, గోళ్లు నీలంగా ఉంటున్నాయి. ఎకో (గుండె స్కాన్)లో ఊపిరితిత్తుల బీపీ బాగా ఎక్కువుందన్నారు. తెలిసినవాళ్లు చెబితే సిల్డెనాఫిల్ వేస్తున్నాం. కోత లేకుండా బటన్ లాంటి చిన్న పరికరంతో రంధ్రం మూయొచ్చా?

జవాబు: బటన్ సంగతి తర్వాత. నన్ను భయపెడుతున్నది ఆ నీలం గోళ్లు.

రంధ్రం గుండా ఏళ్ల తరబడి ఎక్కువ రక్తం, ఎక్కువ ఒత్తిడితో ఊపిరితిత్తులకు వెళ్తుంటే అక్కడి రక్తనాళాల గోడలు మందమై, లోపలి దారి సన్నబడుతుంది. దాంతో అటు వెళ్లే రక్తం తగ్గిపోతుంది. నిమ్ము రాదు, పిల్ల కాస్త ఒళ్లు చేస్తుంది, స్టెతస్కోపులో మర్మర్ (రంధ్రం గుండా రక్తం పారే శబ్దం) కూడా నెమ్మదిస్తుంది. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. జబ్బు ముదిరేది అప్పుడే. చిన్న రంధ్రాలు కొన్ని వాటంతటవే పూడతాయి, నిజమే. పూడిందో లేదో ఎకో తేల్చాలి. ఇన్నేళ్లలో ఒక్కసారైనా చేయించాల్సింది కదమ్మా!

ఒత్తిడి మరీ పెరిగితే చెడు రక్తం గుండె కుడివైపు నుంచి ఎడమకు మళ్లుతుంది. గోళ్లు నీలమయ్యేది దానివల్లే. అదే ఐసెన్‌మెంగర్ సిండ్రోమ్. ఆ దశలో రంధ్రం మూయకూడదు. కుడి జఠరికకు (గుండె కుడివైపు కింది గదికి) ఒత్తిడి తీరే దారి అదే, మూస్తే అది చేతులెత్తేస్తుంది. మీ చెల్లి ఆ దశకు చేరిందని ఉత్తరం చూసి చెప్పలేను. పల్స్ ఆక్సిమీటర్‌తో ఆక్సిజన్ చూడాలి, క్యాథ్ పరీక్షలో (రక్తనాళం గుండా గుండెలోకి సన్నని గొట్టం పంపి చేసేది) ఊపిరితిత్తుల నాళాల నిరోధం కొలవాలి. పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు చూసే కార్డియాలజిస్టు వాటిని బట్టే నిర్ణయిస్తారు.

ఇక సిల్డెనాఫిల్. ఊపిరితిత్తుల బీపీ తగ్గించడానికి ఈ జబ్బులో వాడే మందే. కానీ ఎవరో చెబితే వేసుకునేది కాదు. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టే నైట్రేట్ మాత్ర దీనికి తోడైతే బీపీ ప్రాణం మీదకు వచ్చేంత పడిపోవచ్చు. అలాగని మీ అంతట మీరు ఉన్నపళంగా ఆపొద్దు, ఆయాసం ఎక్కువ కావచ్చు. స్ట్రిప్పు వెంట తీసుకుని ఈ వారంలోనే డాక్టర్ని కలవండి.

మీరు అడగకపోయినా చెబుతున్నా. ఈ స్థితిలో గర్భం తల్లి ప్రాణానికే ముప్పు. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలూ వద్దు, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. విరేచనాలైతే ఒంట్లో నీరు తగ్గనివ్వకండి. సెలైన్ ఎక్కించాల్సి వస్తే గుండెలో రంధ్రం ఉందని నర్సుకు ముందే చెప్పండి. గొట్టంలోని చిన్న గాలి బుడగ కూడా రంధ్రం దాటి మెదడుకు చేరొచ్చు. దగ్గితే రక్తం పడినా, స్పృహ తప్పినా, అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.