నెల్లూరులో డీజిల్ బస్సులు తీసేసి ఎలక్ట్రిక్ బస్సులు తెస్తే సరిపోతుందా?

సరిపోదు, బస్సులతో పాటు డిపోకి పెద్ద కరెంటు లైను కూడా రావాలి.

డీజిల్ కొట్టించడం నిమిషాల పని. బ్యాటరీ బస్సులు మాత్రం పగలంతా తిరిగి, రాత్రి దాదాపు అన్నీ ఒకేసారి ఛార్జింగ్‌కి వస్తాయి. లోడంతా ఆ కొద్ది గంటల మీదే పడుతుంది.

ఒక లెక్క చూడండి. పెద్ద సిటీ బస్సుకి కిలోమీటరుకి సుమారు 1.2 యూనిట్లు కావాలి, ఎండాకాలం ఏసీ వేస్తే ఇంకొంచెం ఎక్కువ. రోజుకి 200 కిలోమీటర్లు తిరిగితే 240 యూనిట్లు. 50 బస్సులకి 12,000. ఆరు గంటల్లో ఎక్కించాలంటే 2,000 కిలోవాట్లు! ఇంటికి 2 కిలోవాట్లు వేసుకున్నా వెయ్యి ఇళ్ల లోడు. మామూలు వీధి ట్రాన్స్‌ఫార్మర్ దీన్ని మోయలేదు. హెచ్‌టీ లైను (ఎక్కువ వోల్టేజీ లైను), డిపోలోనే సొంత ట్రాన్స్‌ఫార్మర్లు ఉండాల్సిందే. బస్సులకి ఆర్డరు పెట్టేముందే ఈ పని మొదలుపెట్టాలి.

చాలామంది భయం మాత్రం వేరు: దారిలో ఛార్జింగ్ అయిపోతుందని. టౌన్ రూట్లకి ఆ టెన్షన్ అక్కర్లేదు. మాటిమాటికీ బ్రేకు వేసే చోట మోటారే కొంత కరెంటుని తిరిగి బ్యాటరీకి పంపుతుంది. తిరుపతి నుంచి ఇలాంటి బస్సులు ఘాట్ రోడ్డెక్కి తిరుమలకి వెళ్తూనే ఉన్నాయి.