పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: గ్వాంగ్‌ఝౌలో హలాల్ భోజనం

ప్రశ్న: మాది పలాస. నాన్నగారి కాలం నుంచి జీడిపప్పు వ్యాపారం చేస్తున్నాం. పప్పును రంగునుబట్టి, సైజునుబట్టి వేరుచేసే యంత్రాలు చూసి రావడానికి నేనూ నా భాగస్వామీ కలిసి ఈసారి చైనాలోని గ్వాంగ్‌ఝౌలో జరిగే పెద్ద వాణిజ్య ప్రదర్శన, కాంటన్ ఫెయిర్‌కు వెళ్దామనుకుంటున్నాం. నేను ముస్లింను, హలాల్ కానిది తినను. నా భాగస్వామి హిందువు. కోడి, వేటమాంసం, చేప తింటారు గాని గొడ్డుమాంసం ముట్టరు. వెళ్లివచ్చినవాళ్లలో కొందరు అక్కడ మనకు తిండి దొరకదు, వారానికి సరిపడా చపాతీలు కట్టుకుపొమ్మంటున్నారు. మరికొందరు వీధికొక హలాల్ హోటలు ఉందంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? మంచి హోటలును ఎలా గుర్తుపట్టాలి?
— ఒక పాఠకుడు, పలాస, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. హలాల్ అన్న మాట పట్టుకుని వెతికితే గ్వాంగ్‌ఝౌలో పూటంతా తిరిగినా ఏమీ కనిపించకపోవచ్చు. ఆ దేశపు ముస్లింలు తమ భోజనానికి వాడే మాట తెలిస్తే మాత్రం, బస చేసిన చోటికి కాస్త దూరంలోనే పొగలుగక్కే గిన్నె ముందు కూర్చోవచ్చు. ఆ మాట చింగ్‌ఝన్. స్వచ్ఛం, సత్యం అనే రెండు అర్థాలు కలిసిన మాట అది. చైనాలో కోటికి పైగా ఉన్న హ్వే అనే జాతి ముస్లింలు తమ తిండికీ, తమ మసీదుకూ కూడా ఈ మాటే వాడతారు. మసీదును చింగ్‌ఝన్‌స అంటారు.

ప్రయాణానికి ముందే ఈ రెండక్షరాలను కాగితం మీద పదిసార్లు దిద్దుకోండి. మొదటి అక్షరానికి ఎడమపక్కన ఒకదాని కింద ఒకటిగా మూడు నీటిచుక్కల్లాంటి గీతలుంటాయి. రెండో అక్షరానికి పైన కూడిక గుర్తు, దాని కింద అడ్డమెట్లున్న నిచ్చెన లాంటి నిలువు పెట్టె, అడుగున ఒక పొడవాటి అడ్డగీత, ఆ గీత కింద రెండు పొట్టి కాళ్లు. విజయనగరంలో ఉండగా ఇంటిదగ్గర కూర్చుని ఈ అక్షరాలు రెండూ దిద్దుకున్నాకే నేను మొదటిసారి గ్వాంగ్‌ఝౌలో ధైర్యంగా ఒంటరిగా భోజనానికి బయలుదేరగలిగాను. హార్డువేరు సరుకు కోసం పదేళ్లపాటు ఏటా ఆ నగరానికి వెళ్లివచ్చినవాణ్ణి కాబట్టి ఇక్కడ రాసేదంతా నేను తిరిగి, తిని తెలుసుకున్నదే.

బోర్డు మీద అరబీ అక్షరాల కోసం, నెలవంక కోసం మాత్రం చూడకండి. 2019లో బీజింగ్‌లో అధికారులు హలాల్ హోటళ్ల బోర్డుల మీది అరబీ రాతనూ ముస్లిం గుర్తులనూ తీయించారు. ఇతర చోట్ల కూడా ఆ గుర్తులు తగ్గిపోయాయి. అరబీ లేదని మంచి హోటలును దాటిపోయినవారిని నేను ఎరుగుదును.

మీకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించేవి లాన్‌ఝౌ లామ్యెన్ దుకాణాలు. లాన్‌ఝౌ వాయవ్య చైనాలోని గాన్సూ రాష్ట్రపు రాజధాని. లామ్యెన్ అంటే చేత్తో లాగిన నూడిల్స్. బోర్డు మీద లాన్‌ఝౌ పేరున్నా, దేశమంతటా ఇలాంటి దుకాణాలు నడిపేవారిలో ఎక్కువమంది పక్కనున్న చింగ్‌హాయ్ రాష్ట్రంలోని హ్వాలోంగ్ ప్రాంతంవాళ్లు. నాలుగైదు బల్లలు, గోడమీద వంటకాల బొమ్మలు, అద్దం వెనక పిండి లాగే మనిషి, అంతే దుకాణం. అతను నూనె రాసిన పిండికడ్డీని రెండు చేతులా పట్టి బారెడు లాగి, మడిచి, మళ్లీ లాగుతాడు. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ఏడు మడతలకు నూట ఇరవై ఎనిమిది పోగులు వస్తాయి. మన జూట్ మిల్లుల్లో పురికొస పేనేటప్పుడు చూసినవారికి ఆ చేతివాటం అర్థమవుతుంది, కాకపోతే ఇక్కడ పోగులు కలవవు, విడిపోతాయి. మీకు సన్నం కావాలో వెడల్పు కావాలో అడిగి మరీ లాగుతారు. సన్నానికి షీ అనీ, వెడల్పుకు క్వాన్ అనీ చెప్పండి. గిన్నెలో తేటగా ఉండే ఎముకల పులుసు, పలచని ముల్లంగి ముక్కలు, ఎర్రని మిరపనూనె, పైన కొత్తిమీర. కారం చాలదనిపిస్తే బల్లమీదే మిరపనూనె డబ్బా ఉంటుంది.

అయితే లామ్యెన్ అని రాసినంత మాత్రాన అది హలాల్ అయిపోదు. ఆ పేరు అమ్ముడుపోతుందని ముస్లింలు కానివారు కూడా పెట్టుకుంటారు, అలాంటి కొన్ని చోట్ల పందిమాంసం కూడా వండుతారు. పైగా హలాల్ ధ్రువీకరణకు చైనాలో దేశమంతటికీ ఒకే చట్టం లేదు; స్థానిక ఇస్లామిక్ సంఘాలో, స్థానిక అధికారులో ఇచ్చే పత్రాలే ఆధారం. అందుకని ముందు బోర్డు మీద ఆ రెండక్షరాలు, తరువాత లోపల గోడకు పత్రం, ఆ తరువాత మనుషులు, ఈ వరుసలో చూడండి. వంటవాడి నెత్తిన తెల్లటోపీ, లెక్కల దగ్గర కూర్చున్న ఆమె తలకు ముసుగు, బయటి తిండీ మద్యమూ లోపలికి తేవద్దని తలుపుమీద కాగితం ఉంటే నేను నిశ్చింతగా కూర్చుంటాను. చింగ్‌ఝన్ అని రాసి ఉన్నా బీరు అమ్మే చోట్లు ఉన్నాయి. మాంసం హలాలే కావచ్చు గాని, నేనైతే మరో దుకాణం దొరికినంతవరకు అక్కడ కూర్చోను. ఇందులో కొత్తేమీ లేదు. మన ఊళ్లలోనూ మనం పత్రం చూసి మాంసం కొనం. కోసింది ఎవరని అడుగుతాం, ఆ మనిషిని ఎరిగి ఉంటాం. పరాయి ఊళ్లోనూ అడగవలసిన ప్రశ్న అదే. లోపలికి వెళ్లగానే సలాం చెప్పండి. మీ భాష రాని ఆ మనిషి ముఖం వెలిగి, సలాం తిరిగి చెబితే సగం జవాబు దొరికినట్టే.

ఇక ఎక్కడ వెతకాలన్నది. గ్వాంగ్‌ఝౌకు అరబ్బు నావికులు తాంగ్ రాజుల కాలంలోనే, అంటే వెయ్యేళ్లకు ముందే వచ్చారు. పాత నగరంలోని హ్వైషెంగ్ మసీదు చైనాలోని అతి పురాతన మసీదుల్లో ఒకటి. దాని నున్నటి మీనారు ఎత్తు సుమారు 36 మీటర్లు. ఒకప్పుడు నదిలో వచ్చే ఓడలకు దాని మీది దీపమే దారి చూపేదంటారు. కళింగపట్నం లైట్‌హౌస్ చూసిన మనకు ఆ సంగతి వెంటనే మనసుకెక్కుతుంది. మెట్రో ఒకటో లైనులో షీమెన్‌కౌ స్టేషన్‌లో దిగి నడవవచ్చు. రెండోది, రెండో లైనులోని యువేష్యూ పార్కు స్టేషన్ దగ్గరున్న షియెన్‌షియెన్ మసీదు. ప్రవక్త సహచరులు హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ సమాధి అక్కడ ఉందని స్థానిక ముస్లింల నమ్మకం. చరిత్రకారులు దాన్ని అంగీకరించరు, అయినా ఆ చెట్లనీడలో కాసేపు కూర్చుంటే దొరికే శాంతికి ఆ వాదంతో పనిలేదు. శుక్రవారం మీరు ఆ ఊళ్లో ఉంటే జుమా నమాజు అక్కడే చదవండి. నమాజు అయ్యాక పక్కవాణ్ణి తినే చోటు అడగండి. ఫోనులో వెతికి కనుక్కున్న ఏ హోటలూ నాకు ఆ పక్కవాడు చూపినంత బాగా కుదరలేదు.

మూడోది శ్యావ్‌బే, ఐదో లైనులో ఆ పేరుతోనే స్టేషన్ ఉంది. ఆఫ్రికా, అరబ్బు దేశాల వ్యాపారులు దశాబ్దాలుగా మసిలే పేట అది. అక్కడ అరబ్బులు మాంసంతో వండే ‘మందీ’ అనే అన్నం, తుర్కీ కబాబు, వాయవ్య చైనాలోని షిన్‌జ్యాంగ్‌కు చెందిన ఉయ్ఘుర్ ముస్లింల తందూరు రొట్టె దగ్గరదగ్గరగానే దొరుకుతాయి. ఇండియన్ రెస్టారెంటు అని కనబడితే మాత్రం పేరు చూసి నిశ్చయానికి రావద్దు. మాంసం ఎక్కడినుంచి తెస్తారో అడిగాకే కూర్చోండి.

మీ భాగస్వామి సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీకు నిశ్చింతగా ఉన్న చోటే ఆయనకు ఇబ్బంది. లామ్యెన్ పులుసు గొడ్డుఎముకలతో కాచినది. ముక్కలు వేయవద్దంటే ముక్కలు తీస్తారు గాని పులుసు అదే. ఆ మాట ఆయనకు ముందే చెప్పండి; తిన్నాక తెలిస్తే మీ ఇద్దరికీ బాధ. అవే దుకాణాల్లో పులుసు లేకుండా టమాటా, గుడ్డు కలిపి ఇచ్చే నూడిల్స్ ఉంటాయి, అవి పులుసులో కాక నీళ్లలోనే ఉడికించారా, వేయించింది మొక్కల నూనెలోనా అని అడిగి ఆయన తినవచ్చు. అంతకంటే మంచి దారి, రాత్రి భోజనానికి షిన్‌జ్యాంగ్ వంటల హోటలుకు వెళ్లడం. అక్కడ గొర్రెమాంసం, కోడి ప్రధానం. జీలకర్ర, కారం చల్లి బొగ్గులమీద కాల్చిన గొర్రెమాంసపు పుల్లలు, గాజరు ముక్కలతో దమ్ము చేసిన పోలో అన్నం, దాపాన్‌జీ అనే పెద్ద పళ్లెం కోడికూర. ఆ పళ్లెంలో కోడి, బంగాళాదుంప, మిరపకాయలు, అనాసపువ్వు వేసి, చివర్లో వెడల్పాటి నూడిల్స్ పులుసులో కలిపి పెడతారు. ఇద్దరు మనుషులకు ఒక పళ్లెం మిగిలిపోతుంది. మీరిద్దరూ ఒకే పళ్లెంలో తినగలిగే భోజనం ఇదే.

మామూలు చైనా హోటళ్లలో జాగ్రత్త ఎక్కువ కావాలి. వంటకాల పట్టీలో ఉత్త రౌ అని ఉంటే మాంసం అని అర్థమే గాని, అది పందిమాంసమే అనుకోవాలి. న్యూరౌ గొడ్డుమాంసం, యాంగ్‌రౌ గొర్రెమాంసం, జీరౌ కోడి, ఝూరౌ పంది. ఆకుకూర వేపుడును కూడా పందికొవ్వులో వేయించే అలవాటు ఉంది, సోయాపనీరు కూరలో సన్నగా తరిగిన పందిమాంసం వేస్తారు. మనవాళ్లు సముద్రతీరంవాళ్లు కాబట్టి చేప చూడగానే చేయి సాగుతుంది. తొట్టెలో ఈదే చేపను మీరే చూపించి ఆవిరిమీద ఉడికించమనవచ్చు, నిజమే. కాని నీచువాసన పోవడానికి మనం పసుపు, చింతపండు వాడినట్టే వాళ్లు వంటసారా పోస్తారు. దాన్ని ల్యావ్‌జ్యూ అంటారు. అది వద్దని కాగితం మీద చైనీస్‌లో రాయించుకుని, ఆ కాగితం జేబులో ఉంచుకోండి.

నాకు జరిగింది ఒకటి చెప్పాలి. మొదటి ప్రయాణంలో ఒక ఉదయం, పేరెందుకుగాని ఒక బేకరీలో పైన బంగారురంగు పీచు అద్దిన బన్ను కొన్నాను. కొబ్బరికోరు వేయించి అద్దారనుకున్నాను. రెండో ముక్క నోట్లో ఉండగా, అది ఎండబెట్టి పీచుగా చేసిన పందిమాంసమని పక్కనున్న మలేసియా వ్యాపారి చెప్పాడు. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. తెలియక జరిగినదానికి ఏం చేయాలో ఇంటికి వచ్చాక మతపండితుడైన ఆలిం సాహెబును అడిగి మనసు కుదుటపరచుకున్నాను. అప్పటినుంచి బేకరీ సరుకు వైపే వెళ్లను. మీరూ పైన పీచు ఉన్న ఏ బన్నునూ ముట్టకండి.

మిగిలినవి చిన్న సంగతులు. కాంటన్ ఫెయిర్ ఏటా రెండుసార్లు, ఏప్రిల్ 15 నుంచి, అక్టోబరు 15 నుంచి మూడు విడతలుగా జరుగుతుంది. యంత్రాలు మొదటి విడతలో ఉంటాయి. గ్వాంగ్‌ఝౌలోని పాఝౌ పేటలో ఫెయిర్ జరిగే ప్రాంగణంలోనే ముస్లిం భోజనం పెట్టే చోట్లున్నాయి, కాబట్టి మధ్యాహ్నానికి బయటకు పరుగెత్తనక్కరలేదు. గూగుల్ మ్యాపులు అక్కడ నమ్మదగ్గవి కావు. ఆ దేశపు మ్యాపు ఆప్‌ను ఇక్కడే ఫోనులో వేసుకుని, చింగ్‌ఝన్ అక్షరాలను అందులో అతికించి వెతకండి. అక్కడ ఫోనుతో డబ్బు చెల్లించడానికి వాడే అలీపే ఆప్‌లో మీ వీసా లేదా మాస్టర్ కార్డును ఇంటిదగ్గరే జతచేసుకోండి. 2025 అక్టోబరు నుంచి కోల్‌కతా నుంచి గ్వాంగ్‌ఝౌకు నేరు విమానం మళ్లీ మొదలైంది; పలాసలో రైలెక్కే మీకు ఢిల్లీ చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఎంబీబీఎస్ చదవడానికి చైనా వెళ్తున్నాడు. ఏ ఊరన్నది ఇంకా తేలలేదు. హలాల్ భోజనం గురించి కాలేజీవాళ్లను ఏం అడగాలి? వాడితో ఏం పంపాలి?
— ఒక తల్లి, విజయనగరం

జవాబు: అమ్మా, ఒక్క ప్రశ్న అడగండి: మీ క్యాంపస్‌లో చింగ్‌ఝన్ శితాంగ్ ఉందా అని. శితాంగ్ అంటే క్యాంటీను. హ్వే, ఉయ్ఘుర్ విద్యార్థులు చదివే పెద్ద విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి వేరే వంటగది, వేరే గిన్నెలతో ఇలాంటి క్యాంటీను ఉంటుంది. ఉందంటే ఫొటో పంపమనండి. లేదంటే, ఊళ్లో మసీదు ఎంతదూరమో అడగండి. మసీదు పక్కన హలాల్ పచ్చిమాంసం అమ్మే కొట్టు ఉండే అవకాశం ఎక్కువ, హాస్టల్లో వండుకోనిస్తారో లేదో మాత్రం ముందే తెలుసుకోవాలి.

అక్కడ రాత్రి భోజనం సాయంత్రం ఐదున్నరకే మొదలై ఏడు గంటలకల్లా అయిపోతుంది. తొమ్మిదింటికి తినే అలవాటున్న మన పిల్లలు మొదటి వారమంతా పస్తులుంటారు, వాడికి ఈ మాట మరీమరీ చెప్పండి. చైనా కొత్త సంవత్సరపు సెలవుల్లో క్యాంటీన్లతోపాటు లామ్యెన్ దుకాణాలు కూడా చాలావరకు మూతపడతాయి. జనవరి, ఫిబ్రవరిలో వచ్చే ఆ రోజులకు బియ్యం, పప్పు, గుడ్లు ముందే కొని ఉంచుకోవాలి.

పంపేవాటిలో చింతపండు, కందిపొడి, కారం, ఆవకాయ లాంటివి గట్టిగా మూసి పెట్టండి. నాటుకోడి పచ్చడి, వేటమాంసం పచ్చడి, కోవా మాత్రం పెట్టకండి. ప్రయాణికులు మాంసం, పాలపదార్థాలు తీసుకురావడాన్ని చైనా కస్టమ్స్ అనుమతించదు; మీరు రెండు రోజులు కష్టపడి చేసిన పచ్చడిని విమానాశ్రయంలోనే తీసి పారేస్తారు.