కాన్ఫరెన్స్ గదికి టీవీ, మైకులు: కొనే ముందు ఏం చూసుకోవాలి?

తిరుపతిలో మీ కొత్త ఆఫీసు పని నడుస్తోంది, 20 అడుగుల పొడవున్న కాన్ఫరెన్స్ గదికి ఏ టీవీ, ఏ మైకులు కొనాలని అడిగారు. కొనడం తర్వాత. ముందు ఫాల్స్ సీలింగ్ వేయకముందే కేబుళ్లకు పైపులు వేయించండి, ఒకటి అదనంగానే. ల్యాప్‌టాప్ బొమ్మను టీవీకి పంపే మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్‌ను 10 మీటర్లు దాటితే నమ్మలేం. దూరం ఎక్కువైతే క్యాట్ 6 అనే నెట్‌వర్క్ కేబుల్ మీద హెచ్‌డీబేస్‌టీ (వీడియోను ఆ కేబుల్‌లో దూరం పంపే పద్ధతి) వాడితే 100 మీటర్ల దాకా వెళ్తుంది.

టీవీకి ఒక లెక్క ఉంది: చివరి కుర్చీ దూరం తెర ఎత్తుకు 6 రెట్లు మించకూడదు. 55 అంగుళాల టీవీ అయితే సుమారు 13 అడుగుల వరకే. మీకు 86 అంగుళాలది కావాలి.

అసలు సమస్యంతా శబ్దంతోనే. చాలామంది డబ్బంతా టీవీకి పెట్టి దీన్ని వదిలేస్తారు, నాకు బాధనిపిస్తుంది. అద్దాల గోడలు, టైల్స్ నేల ఉంటే మాట గదంతా మోగి, వీడియో కాల్‌లో అవతలివాళ్లకు ముద్దగా వినిపిస్తుంది. ఎంత ఖరీదైన మైకైనా దాన్ని పూర్తిగా సరిచేయలేదు. నేలకు కార్పెట్, ఒక గోడకు శబ్దం పీల్చుకునే ప్యానెళ్లు, అద్దాలకు మందపాటి కర్టెన్లు పెట్టించండి. ఏసీ గాలి తగిలే చోట మైకు వద్దు.

ఇక్కడి ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి కదా, స్పీకర్లకు శబ్దం పెంచి పంపే యాంప్లిఫయర్‌ను మూసిన చెక్క బీరువాలో పెట్టకండి. యూపీఎస్ లైన్‌లో నెట్‌వర్క్ స్విచ్ (నెట్ కేబుళ్లన్నీ కలిసే పెట్టె), రౌటర్ కూడా ఉండాలి, లేదంటే కరెంటు పోగానే కాల్ కట్ అవుతుంది.