ఆదివారం నలభై నిమిషాలు, సోమవారం ఎంత?

ప్రశ్న: నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగస్తులం. ఆయన ఆఫీసు ఊరికి ఒక చివర, నాది ఇంకో చివర. రెండూ వేలమంది పనిచేసే పెద్ద క్యాంపస్‌లు. ఇప్పుడు నా ఆఫీసు దగ్గరే అద్దెకు ఉంటున్నాం. ఆయన రోజూ 36 కిలోమీటర్లు వెళ్తున్నారు. ఇద్దరికీ మధ్యలో ఉండే కొత్త వెంచర్‌లో ఫ్లాట్ చూశాం. ఆయనకు 27 కిలోమీటర్లు, నాకు 25. ఆదివారం కారులో వెళ్లి చూస్తే ఏ ఆఫీసుకైనా నలభై నిమిషాలే పట్టింది. డౌన్‌పేమెంట్‌కు మా అత్యవసర నిధి (ఐదు నెలల ఖర్చు) వాడి, తక్కువైనది పర్సనల్ లోన్ తీసుకుందామని అనుకుంటున్నాం. అన్నీ పోను ఇంకా కొంత మిగులుతోంది. నాకు కూడా ఒక కారు కొనాల్సి ఉంటుంది, దానికి లోన్ తీసుకోవడం మంచిదా, ఉన్న కొద్దిపాటి మ్యూచువల్ ఫండ్స్ అమ్మడం మంచిదా? మాకు మూడేళ్ల బాబు ఉన్నాడు.

జవాబు: మీరు అడిగింది కారు గురించి. దానికి జవాబు ఒక్క ముక్కలో చెప్పేస్తాను: ఇప్పుడు రెండూ వద్దు. ఈ ఉత్తరం తీసుకోవడానికి కారణం మాత్రం వేరు. ఇల్లు మారే దంపతుల్లో నేను పదేపదే చూసే పొరపాటు ఇందులో ఉంది. ఇంటి లెక్క ఒక కాగితం మీద, ప్రయాణం లెక్క ఇంకో కాగితం మీద వేసి, రెండింటినీ కలిపి చూడకపోవడం. ఆ కారు ఇంటి ఖర్చులో భాగమే. మీరు దాన్ని ఉత్తరం చివర విడి ప్రశ్నగా రాశారు.

మీరు పంపిన అంకెలను ఇక్కడ బయటపెట్టను. మీ ఇద్దరి జీతం కలిపి నెలకు వంద అనుకుందాం. అందులో మీవారిది 55, మీది 45. ఇప్పటి ఖర్చు 72, అందులో అద్దె 18. నెలకు 28 మిగులుతోంది. మీ లెక్క ఇలా ఉంది: అద్దె 18 పోతుంది, హోమ్ లోన్ ఈఎంఐ 30, పర్సనల్ లోన్ ఈఎంఐ 7 వస్తాయి. మొత్తం 91. ఇంకా 9 మిగులుతుంది, బాగానే ఉంది అనుకున్నారు.

ఇప్పుడు రెండో కాగితం తెద్దాం. మీ కారు ఈఎంఐ 7. ఇప్పటిదాకా పది నిమిషాల్లో ఆఫీసుకు వెళ్తున్న మీరు రోజుకు 50 కిలోమీటర్లు తిరుగుతారు. నెలకు ఇరవై రోజులు అనుకున్నా వెయ్యి కిలోమీటర్లు, ఏడాదికి పన్నెండు వేలు. మీవారికి తగ్గేది రోజుకు 18 కిలోమీటర్లే. పెట్రోలు, సర్వీసింగ్, టైర్లు, ఇన్సూరెన్స్, టోల్ అన్నీ కలిపి ఇప్పటికంటే మరో 6 అదనం అనుకోండి. 91కి ఈ 13 కలిపితే 104. చేతికొచ్చేది వంద. అంటే బాబుకు జలుబు కూడా చేయని నెలలో, ఎవరి పెళ్లికీ పోని నెలలో, మీరు 4 అప్పు పడతారు. ఆ నాలుగూ క్రెడిట్ కార్డు మీద పడుతుంది. ఇంకెక్కడ పడుతుంది!

దీనికి ముందే అత్యవసర నిధిని ఖాళీ చేస్తానంటున్నారు. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఈ మాట అన్నప్పుడు నాకు నిజంగానే కోపం వస్తుంది, ఏమీ అనుకోకండి. ఇల్లు కొనే రోజు ఆ నిధి మీకు ఊరికే పడి ఉన్న డబ్బులా కనిపిస్తుంది. కానీ దాని అవసరం అసలు మొదలయ్యేది ఆ మర్నాడే. ఇప్పుడు మీవారి ఉద్యోగం పోతే అద్దె ఇల్లు ఖాళీ చేసి చిన్న ఇంటికి వెళ్లగలరు. కొత్త ఇంట్లో అది కుదరదు. మీ జీతం 45. మూడు ఈఎంఐలు 30, 7, 7 కలిపి 44. మిగిలేది 1. ఆ ఒక్కదానితోనే డేకేర్ ఫీజు, పాలు, కరెంటు బిల్లు, మీరు ఆఫీసుకు వెళ్లే పెట్రోలు. ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమా తప్ప వేరేది లేకపోతే, ఉద్యోగంతో పాటు ఆయన వైపు బీమా కూడా పోతుంది.

ఒకవేళ ఆ నిధిని ముట్టుకోకుండా పక్కన పెట్టారనే అనుకుందాం. అయినా అది పాత జీవితానికి కొలిచి కుట్టించిన చొక్కా. నెలకు 72 ఖర్చు ఉన్నప్పుడు ఐదు నెలలు వచ్చే డబ్బు, 104 ఖర్చు మీద మూడున్నర నెలలకే అయిపోతుంది. ఇల్లు మారాక నిధి పెరగాలి. మీరు సున్నా చేస్తున్నారు. మీలాంటి వాళ్లకు, అంటే రెండు ఉద్యోగాలు, ఒక పెద్ద ఈఎంఐ, చిన్నపిల్లాడు, కారు లేకపోతే గడవని ప్రయాణం ఉన్నవాళ్లకు, కొత్త ఖర్చు మీద ఎనిమిది నెలలు ఉండాలంటాను. ఆరుకు తగ్గితే నేను ఒప్పుకోను.

పర్సనల్ లోన్ తెచ్చి డౌన్‌పేమెంట్ కట్టడం గురించి ఒకే మాట. డౌన్‌పేమెంట్ సొంత డబ్బై ఉండాలని బ్యాంకు అడుగుతుంది. దాన్ని కూడా అప్పుగా తెస్తే మీరు ఇంటిని నూటికి నూరు శాతం అప్పు మీద కొన్నట్టే. అందులో ఒక భాగం ఖరీదైన అప్పు. 14 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే ప్రతి వందకూ తిరిగి కట్టేది దాదాపు 140. మీరు తీసుకోబోయేది ఇద్దరి మూడు నెలల జీతం, కట్టేది నాలుగు నెలల పైచిలుకు. ఆ తేడా జీతం మీరు ఎవరి కోసం సంపాదిస్తున్నట్టు?

ఇక ఆ నలభై నిమిషాల సంగతి. నేనూ ఒకప్పుడు ఆదివారం మధ్యాహ్నం ఇల్లు చూసి, సాయంత్రానికి అడ్వాన్సు ఇచ్చినవాణ్ణే. ఖాళీ రోడ్డు మీద బండి నడిపిన ఆ హుషారు నాకు తెలుసు. సోమవారం ఉదయం అదే రోడ్డు మీద మొదటి సిగ్నల్ దాటడానికి ఎంత పట్టిందో కూడా ఇంకా గుర్తుంది, కానీ ఆ కథ ఇక్కడెందుకు.

ఇంటికి తాళం వేసిన నిమిషం నుంచి మీ సీటులో కూర్చున్న నిమిషం దాకా లెక్కపెట్టాలి. పెద్ద క్యాంపస్‌లలో గేటు దాకా రావడం ఒక ఎత్తు, గేటు నుంచి సీటు దాకా వెళ్లడం ఇంకో ఎత్తు. ఉదయం తొమ్మిదిన్నరకు ఆ గేటు ముందు ఒకసారి నిలబడి చూడండి. ఒక్కో కారు ఆగి అద్దం దించి బ్యాడ్జి చూపించాలి. వెనక హారన్లు. లోపలికి వెళ్తే పార్కింగ్ కింది అంతస్తులు ఎనిమిదిన్నరకే నిండిపోయి, ర్యాంపు మీద ఒకదాని వెనక ఒకటి అయిదో అంతస్తు దాకా పాకుతూ ఉంటాయి. అక్కడ బండి పెట్టి, లిఫ్ట్ దగ్గర రెండు ట్రిప్పులు ఆగి, వంతెన దాటి మీ బ్లాకుకు నడవాలి. ఇందులో ఏదీ మ్యాప్‌లో కనిపించదు. పదిహేను ఇరవై నిమిషాలు ఇక్కడే పోతాయి.

మ్యాప్ అంటే గుర్తొచ్చింది. గూగుల్ మ్యాప్స్‌లో బయలుదేరే రోజూ వేళా మార్చి చూడొచ్చు. అప్పుడు అది ఒక అంకె కాకుండా, ఇంత నుంచి ఇంత దాకా అని రెండు అంకెలు చూపిస్తుంది. ఇల్లు కొనాలన్న ఆశలో ఉన్నవాళ్ల కళ్లు చిన్న అంకె మీదే ఆగుతాయి. మీరు పెద్ద అంకె రాసుకోండి. దాంతో సరిపెట్టకుండా, పది పనిదినాలు నిజంగా తిరిగి చూడండి. ఒకరోజు మీరు, ఒకరోజు ఆయన ఉదయం ఎనిమిదికల్లా ఆ వెంచర్ గేటు దగ్గర ఉండి అక్కడి నుంచి ఆఫీసుకు బయలుదేరండి. సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా అక్కడికే వెళ్లి, తర్వాత ఇంటికి రండి. కష్టమే, కానీ ఇరవై ఏళ్ల అప్పుకు పది రోజుల కష్టం ఎక్కువేం కాదు. పదింటిలో సగటు తీయకండి. సగటు చూసి బయలుదేరితే దాదాపు సగం రోజులు ఆలస్యమే. అన్నిటికంటే ఎక్కువ పట్టిన రోజు ఎంతో, మీ రోజువారీ ప్లాన్ దాని మీదే ఉండాలి.

అది 70 నిమిషాలని తేలిందనుకోండి. రాను పోను 140. ఏడాదికి 240 పనిదినాలు అనుకుంటే 560 గంటలు. రోజుకు ఎనిమిది గంటల లెక్కన 70 పనిదినాలు స్టీరింగ్ వెనక కూర్చుని ఉంటారు, అదీ ఇద్దరూ. దూరపు ప్రయాణానికి మంచి ఇల్లో తక్కువ అద్దెనో బదులు దొరుకుతుందని అందరం అనుకుంటాం. స్టట్జర్, ఫ్రే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు జర్మనీ కుటుంబాల వివరాలు చూసి 2008లో ఒక పరిశోధన ప్రచురించారు. ఎక్కువసేపు ప్రయాణం చేసేవాళ్లు తమ జీవితంతో తక్కువ తృప్తిగా ఉన్నారని, ఆ లోటు వేరే రకంగా పూడటం లేదని వాళ్లకు తేలింది.

రింగ్ రోడ్డుకు కొత్త లింకు వస్తే ఇరవై నిమిషాలే అని బిల్డర్ చెప్పాడని రాశారు. రద్దీ వేళల్లో పెద్ద రోడ్లను ఎంత పెంచితే అంత ట్రాఫిక్ వచ్చి నిండుతుందని ఆంథొనీ డౌన్స్ అనే అమెరికా ఆర్థికవేత్త 1962లోనే రాశాడు. ఇతర దారుల్లో పోయేవాళ్లు, వేరే వేళల్లో పోయేవాళ్లు, బస్సులో పోయేవాళ్లు అందరూ ఆ ఖాళీ చూసి అటే వస్తారు. లింకు వస్తే సంతోషమే. రాని రోడ్డును మీ లెక్కలో వేసుకోకండి.

మధ్యలో ఇల్లు అన్న ఆలోచన కూడా నాకు అంతగా నచ్చలేదు. న్యాయంగానే కనిపిస్తుంది, ఇద్దరికీ సమానం అని. కానీ ఇప్పుడు ఒకరు కష్టపడుతున్నారు, అప్పుడు ఇద్దరూ కష్టపడతారు. డేకేర్ ఏడింటికి మూసేస్తారని రాశారు. ఆరున్నరకు మీరిద్దరూ చెరో రోడ్డు మీద చిక్కుకుపోతే బాబు దగ్గరికి అరగంటలో చేరగలిగే మనిషి ఎవరు? ఆ పేరు రాయలేకపోతే ఒకరి ఆఫీసు దగ్గర ఉండటమే మేలు. పైగా బస్సులు, రైళ్లు ఎక్కువగా ఊరి మధ్యకు వెళ్తాయి. ఒక శివారు నుంచి ఇంకో శివారుకు నేరుగా దొరికేవి తక్కువ, అందుకే మీకు రెండో కారు తప్పనిసరి అనిపిస్తోంది. ఉద్యోగాలూ మారతాయి. రేపు మీవారికి మూడో దిక్కులో ఆఫీసు వస్తే ఆ ఫ్లాట్ ఎవరికీ మధ్యలో ఉండదు.

అద్దె దండగ అంటారేమో. 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల లోన్ అయితే మొదటి నెల ఈఎంఐలో ఆరింట అయిదు వంతులు వడ్డీకే పోతుంది. అది మాత్రం దండగ కాదా?

నేనైతే ఇలా చేస్తాను. ఆ ప్రాంతం అంత నచ్చితే అక్కడే ఏడాది అద్దెకు ఉండండి. అక్కడి అద్దె 14 దాకా ఉందని మీరే రాశారు. 72లో 18 తీసేసి 14 కలిపి, ప్రయాణానికి 6 వేస్తే 74. కారు కొనకుండా కంపెనీ బస్సో, షేరింగ్ క్యాబో ఆ ఆరులోనే సర్దుకోవాలి. నెలకు 26 మిగులుతుంది, ఏడాదికి 312. మీరు తీసుకోవాలనుకున్న పర్సనల్ లోన్ దాదాపు 300. చూశారా, ఒక్క ఏడాది ఆగితే ఆ అప్పు అవసరమే లేదు. రెండో ఏడాది కూడా ఆగితే అత్యవసర నిధిని దాదాపు ముట్టుకోకుండానే డౌన్‌పేమెంట్ కట్టొచ్చు. ఆలోగా ధర పెరగొచ్చు, నిజమే. జీతాలూ పెరగొచ్చు. ధర పెరుగుతుందన్న భయంతో 14 శాతానికి అప్పు చేయడం మాత్రం నాకు అర్థం కాదు.

లోన్ తీసుకునే రోజు వస్తే, దానికి సరిపడా టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే జీవిత బీమా, ఇద్దరి పేర్లా ఉండాలి. ఫండ్స్ జోలికి పోకండి. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని ఇస్తారేమో మీ మేనేజర్‌ను అడగండి, కానీ అది రాతపూర్వకంగా లేకపోతే లెక్కలో వేయకండి.

బిల్డర్‌కు టోకెన్ అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదని రాశారు. ఈ వారం ఇవ్వాలని తొందరపెడుతున్నాడట. పది రోజుల ప్రయాణం అయ్యాక చెప్తామనండి. ఆ పదిలో కనీసం ఒక వాన పడ్డ రోజు ఉండేలా చూసుకోండి. పడకపోతే ఇంకో వారం ఆగండి. పదిరోజుల కాగితమూ, 104 తేలిన కాగితమూ పక్కపక్కన పెట్టి మళ్లీ ఒకసారి రాయండి, అప్పుడు కారు సంగతి మాట్లాడదాం.