విదేశీ చదువులో పర్యావరణానికి ఎక్కువ నష్టం దేనివల్ల?

విమాన ప్రయాణాల వల్లే, కాబట్టి ఇంటికి వచ్చిపోయే ట్రిప్పులు తగ్గించుకోవడమే అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. విమానం కాల్చే ప్రతి కిలో ఇంధనానికి 3 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, పైగా టేకాఫ్‌లో ఇంధనం బాగా ఖర్చవుతుంది కాబట్టి రెండుమూడు చోట్ల మారే చౌక టికెట్ కంటే నేరుగా వెళ్లేదే మేలు.

తిరుపతి నుంచి జర్మనీ వెళ్లే విద్యార్థినే తీసుకోండి: రేణిగుంటలో విమానమెక్కి హైదరాబాద్, దుబాయ్ మారుతూ పోయే బదులు చెన్నై దాకా రైల్లో వెళ్లి, అక్కడ ఫ్రాంక్‌ఫర్ట్ విమానం నేరుగా ఎక్కొచ్చు. సెలవులకు రెండుసార్లు వచ్చే బదులు ఒకేసారి వచ్చి ఎక్కువ రోజులు ఉంటే ఇంకా మంచిది, అమ్మానాన్నలకూ తృప్తి.

స్టీల్ బాటిల్, గుడ్డ సంచి పట్టుకెళ్తే చాలని చాలామంది అనుకుంటారు. అవి మంచివే, వదలొద్దు. కానీ ఒక్క రానుపోను ప్రయాణంలో మనిషి వాటాకు పడే టన్నుకు పైగా కార్బన్‌ను ఏళ్ల తరబడి బాటిల్ వాడినా పూడ్చలేం.