మా వాడు మోటార్ వాల్వులు బిగిస్తున్నాడు, ఈ పనిలో ఉండనివ్వాలా మాన్పించాలా?

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె. మా అబ్బాయి ఐటీఐలో రిఫ్రిజిరేషన్ అండ్ ఏసీ ట్రేడ్ చేశాడు. ఏసీలు రిపేర్ చేస్తాడనుకుంటే హైదరాబాద్‌లో ఒక కాంట్రాక్టర్ దగ్గర పైపులకి మోటార్ వాల్వులు బిగిస్తున్నాడట, ఎనిమిది నెలలైంది. మాన్పించి ఇక్కడే ఏసీ షాపు పెట్టించమంటారా?

జవాబు: అన్నా, తొందరపడకండి. షాపు తప్పని నేననను, కానీ స్ప్లిట్ ఏసీ పని ఎండాకాలం మూడు నెలలు అన్నం తిననివ్వదు, వానలు పడ్డాక షాపులో కూర్చుని ఈగలు తోలుకోవాలి.

మీ వాడి పని వేరు. పెద్ద ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో గదికో ఏసీ ఉండదు, టెర్రస్ మీదో బేస్‌మెంట్‌లోనో ఉన్న చిల్లర్ నీళ్లని 6, 7 డిగ్రీలకి చల్లబరిచి పైపుల్లో అన్ని ఫ్లోర్లకీ పంపుతుంది, ఏ కాయిల్‌లోకి (గాలిని చల్లబరిచే పైపుల చుట్టలోకి) ఎన్ని నీళ్లు పోవాలో ఆ మోటార్ వాల్వే చూసుకుంటుంది. మన దగ్గర చలికి హీటింగ్ ఎవడికి కావాలి అనుకుంటాం గానీ ఫార్మా ప్లాంట్లలో గాలిలో తేమ తీయడానికి ముందు బాగా చల్లార్చి, తర్వాత వేడి నీళ్ల కాయిల్‌తో మళ్లీ కాస్త వెచ్చబెడతారు, అక్కడ ఇంకో వాల్వు.

బిగించడం వారం పది రోజుల్లో వచ్చేస్తుంది. బాడీ మీద బాణం నీళ్లు పోయే వైపు ఉండాలి, వాల్వుకి ముందు స్ట్రెయినర్ (చెత్త పట్టే జల్లెడ) ఉండాలి, పైపులు బాగా ఫ్లష్ అయ్యాకే వాల్వు పని మొదలవ్వాలి, లేదంటే వెల్డింగ్ ముక్క సీటులో ఇరుక్కుని అది సరిగ్గా మూసుకోదు. మోటారు పైపు కిందకి వేలాడకూడదు కూడా. ఈ సలహాల పనిలోకి రాకముందు నేనూ సైట్లలో తిరిగినవాణ్ణే, ఒకచోట జాగా లేదని మోటారు కిందకి పెట్టాం, చల్లటి పైపుకి చెమట పట్టి చుక్క చుక్క లోపలికి దిగి వానాకాలం అయ్యేలోపు మోటారు లోపలి ఎలక్ట్రానిక్ కార్డు పోయింది. తిట్లు నాకే పడ్డాయి, అలా పెట్టమన్న సారుకి కాదు లెండి.

అసలు డబ్బున్నది చెకింగ్‌లో. మోటారుకి 24 వోల్టుల కరెంటు, కంట్రోలర్ నుంచి వాల్వు ఎంత తెరుచుకోవాలో చెప్పే సిగ్నల్ వస్తాయి. కంట్రోలర్‌ని 0 నుంచి 10 వోల్టులకి పెట్టి మోటారుని 2 నుంచి 10కి వదిలేశారనుకోండి, స్క్రీన్ మీద 50 శాతం అని ఉంటుంది, వైర్లో 5 వోల్టులు వస్తాయి, వాల్వు మాత్రం 37 శాతం దగ్గరే ఆగుతుంది, 20 శాతం వరకైతే అసలు కదలనే కదలదు. ఫ్లోర్లో ఉక్కపోస్తోందని ఫోన్ల మీద ఫోన్లు, కంప్యూటర్ ముందు కూర్చున్నాయనేమో అంతా ఓకే అంటాడు. మీటర్ పట్టుకుని దీన్ని దొరకబట్టేవాడికే విలువ. ఇంకోటి, మోటారు చక్కగా తిరుగుతుంటుంది, కానీ క్లాంప్ స్క్రూ లూజై లోపల వాల్వుని తెరిచి మూసే కడ్డీ (స్టెమ్) కదలదు, కళ్లతో చూస్తే తప్ప తెలీదు. అలాగే వాల్వు మూసేసి కాసేపాగి కాయిల్ పైపు మీద చెయ్యి పెట్టాలి, ఇంకా జిల్లుమంటూ ఉంటే లోపల నీళ్లు పాస్ అవుతున్నట్టే.

అందుకే ఈసారి పండక్కి వచ్చినప్పుడు వాణ్ణి ఒక్క మాట అడగండి, "వాల్వు బిగించాక అది పనిచేస్తోందని నీకెలా తెలుస్తుందిరా?" అని. మీటర్ సంగతి, 2 వోల్టులు 10 వోల్టులు, ఫీడ్‌బ్యాక్ (వాల్వు ఎంత తెరుచుకుందో మోటారు తిరిగి పంపే సిగ్నల్) అంటూ చెప్పుకుపోతే వదిలేయండి, సరైన దారిలోనే ఉన్నాడు. "అది బీఎంఎస్ వాళ్లు చూసుకుంటారు నాన్నా" అంటే (బీఎంఎస్ అంటే బిల్డింగ్‌లోని మిషన్లని కంప్యూటర్‌ నుంచి నడిపే సిస్టమ్) మాత్రం ఆలోచించాలి, ఎనిమిది నెలలుగా స్పానర్ పనే చేస్తున్నాడన్నమాట. అప్పుడు కూడా లైన్ మార్చొద్దు, కాంట్రాక్టర్‌ని మార్చండి, కమిషనింగ్ టీమ్ (బిగించినవన్నీ నడిపి చెక్ చేసేవాళ్లు) వెనకాల తిప్పేవాళ్ల దగ్గర జీతం కాస్త తక్కువైనా చేరమనండి. సొంతంగా ఒక మంచి మల్టీమీటర్ కొనిపెట్టండి, షాపు అడ్వాన్సుతో పోలిస్తే అదెంత. కంట్రోల్ డ్రాయింగ్ చదవడం, టెస్ట్ షీట్‌ని ఇంగ్లిష్‌లో తప్పుల్లేకుండా నింపడం రావాలి, ఫార్మాలో కాగితం మీద లేని పని చేసినట్టే కాదు. చదువు మీద మనసుంటే బ్రిడ్జి కోర్సు, లాటరల్ ఎంట్రీతో పాలిటెక్నిక్ సెకండ్ ఇయర్‌లో చేరే దారి కూడా ఉంది.

మీ వైపు నుంచి గల్ఫ్ వెళ్లే ఆలోచన ఎలాగూ వస్తుంది కాబట్టి చెప్తున్నా, దుబాయ్, దోహాల్లో ఒకే ప్లాంటు నుంచి చాలా బిల్డింగులకి చల్లటి నీళ్లు పంపే డిస్ట్రిక్ట్ కూలింగ్ ఉంది, అక్కడ ఈ వాల్వులు సరిగ్గా చెక్ చేయగలిగేవాడు ఉత్త హెల్పర్ కింద పోడు. పది పాసయ్యాడు కాబట్టి పాస్‌పోర్ట్ నాన్ ఈసీఆర్‌లో (గల్ఫ్ పనికి వెళ్లేటప్పుడు ప్రభుత్వ ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేని రకం) వస్తుంది, దానికి అప్లై చేసి పెట్టుకోండి. ఏజెంట్‌కి రూపాయి ఇచ్చే ముందు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్లో ఆ ఏజెంట్ పేరుందో లేదో చూడండి, విదేశీ ఉద్యోగాలు చూపించే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో కూడా ఒకసారి కనుక్కోండి. ఇంకో ఏడాది మాత్రం హైదరాబాద్‌లోనే ఉండనివ్వండి, ఒక బిల్డింగ్ మొదలుపెట్టి హ్యాండోవర్ దాకా చూడలేదు కదా వాడింకా.